నాలుగు డిగ్రీల దగ్గర

మా ఫ్రిజ్జులో పాలుండవు, మందులుండవు.
గ్లిజరిన్ సీసాల్లో
చుట్టచుట్టి పెట్టిన మనుషుల చర్మం ఉంటుంది.
హిందూపురంలో మా అమ్మకి ఇప్పటికీ
ల్యాబులో పని అనే చెప్పుకున్నాను.

ఒంటిగంట దాటాక ఫోను,
ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మిలిటరీ ఆసుపత్రి నుంచి.
సకలేశపుర కొండల్లో, మంచులో, హెలికాప్టర్.
ఎక్కింది తొమ్మిదిమంది.
ఎవరూ దిగలేదు, దించారు:
ఆరుగురిని జెండాల కిందికి
ముగ్గురిని మంచాల మీదికి.
'మీ దగ్గర ఎంతుంది?' అన్నాడు డాక్టరు
పక్కింట్లో బియ్యం అడిగినట్టు.
చదరపు సెంటీమీటర్లలో చెప్పాను.
అవతల కాసేపు మాట లేదు.
'ఉన్నదంతా తెచ్చెయ్యండి.'

ఉన్నవాటిలో పెద్ద సీసా సాకమ్మది.
రిజిస్టరులో నంబరే ఉంటుంది, పేరుండదు,
కానీ తీసింది నేను.
హలసూరు సందులో ఇస్త్రీబండి వెనక ఒంటిగది.
ప్రాణం పోయి నాలుగు గంటలు.
గడప బయట కొడుకు
'నోవాగత్తా మేడం?' అని రెండుసార్లు అడిగాడు.
నొప్పి పుట్టదని చెప్పాను, రెండుసార్లూ.
ఆవిడ ముంజేతుల మీద
ఇస్త్రీపెట్టె మొన కాల్చిన మచ్చలు,
మోచేతిదాకా వరసగా చిన్న చిన్న పడవలు.
చేతులు ముట్టుకోం మేము.
తొడలు, వీపు, ఉల్లిపొరంత పలచగా.
మచ్చలు ఆవిడతోపాటే వెళ్లిపోయాయి.

వార్డు అద్దానికి ఇవతల అతని భార్య దమయంతి.
నేను ఫోన్లో మాట్లాడుతుంటే విని
'ఓలమ్మ, తెలుగేనేటి!' అని చెయ్యి పట్టుకుంది.
వాళ్లది టెక్కలి దగ్గర. మాది ఇటు చివర.
నడుమ తెలుగు నేలంతా ఉంది,
ఆవిడ వేళ్లు మాత్రం నా మణికట్టు మీద.
'మొకం ఏటీ కానేదు, సూడు.
ఈపే. ఈపంతా...'
వాక్యం అక్కడే వదిలేసి
చీర కొంగుతో అద్దం తుడవడం మొదలుపెట్టింది.
మరక లోపలివైపు ఉంది.

డ్రెస్సింగు మార్చే రెండు గంటలూ
సార్జెంట్ తవిటినాయుడు లెక్కపెడతాడట.
లెఫ్టినెంట్ షైజా నాతో అంది:
'మీ భాషలో ఆరు తర్వాత అంకె లేదా?
ఆరు దాకా వస్తాడు,
మళ్లీ ఒకటి.'

పందొమ్మిదో రోజు చర్మం కదిలింది.
నాది కాదని ఒంటికి తెలిసిపోయింది,
అంచులు లేచాయి, ముక్కలుగా ఊడింది.
దమయంతి గోడకి తల ఆనించి ఏడ్చింది.
ఎలా చెప్పాలి?
అది ఉండటానికి రాలేదమ్మా.
వానకి పక్కవాళ్లు ఇచ్చిన గొడుగు.
అడుగున ఎర్రగా, తడిగా
అతని ఒళ్లు సిద్ధమయింది, చూడు.
రేపు తల గొరిగి అతని చర్మమే తీసి అతనికి వేస్తారు.
చెప్పాను. ఎంత విన్నదో.

రెండోసారి పెట్టె తెచ్చినప్పుడు
లోపలికి పంపారు, మాస్కుతో, ఐదు నిమిషాలు.
బోర్లా పడుకునే ఉన్నాడు. నేలతో మాట్లాడినట్టు:
'అది ఎవులిదక్కా?'
చెప్పకూడదన్నాను.
'సెప్పకు. సలవ బట్ట కప్పినట్టుండీది ఈపు మీద, అందుకే అడిగినాను.'
చలవంటే చల్లదనమా, ఇస్త్రీయా?
నేనడగలేదు.
నిప్పు దగ్గర పనిచేసిన మనిషి, అనేశాను.
నియమం ఎంత తప్పానో నాకే తెలీదు.
అతను చాలాసేపు ఊరుకుని
'మావోడు పైలట్ గారు, ఆరి అమ్మకి ఎవులు సెప్పినారు?' అన్నాడు.
ఐదు నిమిషాలు అయిపోయాయి.

తిరుగు బస్సు 335ఇ.
దొమ్మలూరులో దిగి
హలసూరు వైపు నడుద్దామనుకున్నాను.
ఆ కొడుకుతో ఏమనాలో తోచక
సీట్లోనే ఉండిపోయాను.
ఒళ్లో ఖాళీ ఐసుపెట్టె.
పక్కావిడ మూత వైపు చూసి
చేపలా, ఎంత పడింది కిలో, అని అడిగింది.