ఓడ రాని నాలుగు రోజులు

మెయిన్ స్విచ్ ఆపి, పాలవాడికి పదిరోజులు వద్దని చెప్పి,
మల్లెపాదుకి నీళ్ళు ఎర్నమ్మ గారికి ఒప్పజెప్పి,
గాజువాకలో మా వీధి వీధంతా వినేట్టు
ఆటో ఎక్కాం, అండమాన్‌కి.

పందొమ్మిదేళ్ళుగా పోర్టులో క్రేను నడుపుతున్నాడు నాన్న.
సిమెంటు బస్తాలు, ఉల్లిపాయలు, ఎవరిదో పెళ్ళి బీరువా,
ఒకసారి గాల్లో కాళ్ళాడిస్తూ నాలుగు గేదెలు,
అన్నీ ఆయన చేతిమీదుగానే ఓడెక్కి దీవులకి వెళ్ళాయి.
క్రేను మాత్రం పట్టాలు దాటదు.

గేటు దగ్గర ఓ తెల్లకాగితం.
ఇంజను మరమ్మతు. తదుపరి ప్రకటన వెలువడే వరకు.
నాన్న దాన్ని రెండుసార్లు చదివాడు,
రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని.
"ఇంటికెలిపోదుమేటి?"
"ఎర్నమ్మకి ఏ మొకం సూపించీది?" అంది అమ్మ.

అలా మేం మా ఊళ్ళోనే ఊరెళ్ళాం.
పాత పోస్టాఫీసు దగ్గర లాడ్జి, మూడో అంతస్తు,
ఒక మంచం, నలుగురం,
కిటికీలో ఓడ లేని ముక్క సముద్రం.
ఓడలో వాంతులొస్తాయని కొన్న పాతిక నిమ్మకాయలు
సంచిలోంచే గదంతా వాసనేశాయి.

మొదటిరోజు పులిహోర. రెండోరోజూ అదే.
సాయంత్రం ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామి ఎక్కాం.
తలుపు తలుపుకీ నాన్న నుదురు గుద్దుకున్నాడు.
"ఇదీ ఓడేగా, కదల్దేం?" అన్నాడు తమ్ముడు గుంపస్వామి.
బీచిలో మురీ మిక్చరు వాడికి అమ్మ మా నిమ్మకాయలే ఇచ్చి
పొట్లానికి రూపాయి తగ్గించమంది.
వాడు తగ్గించలేదు. పిండాడు మాత్రం.

ఆ రాత్రి ఎర్నమ్మ గారి ఫోను.
"అక్కడ సముద్రం ఎలగుందమ్మా?"
అమ్మ కిటికీ వైపు చూసింది.
"నల్లగా ఉందండి, చీకటడిపోయింది కదా."
అందులో అబద్ధమెక్కడుందో
నాకు ఇప్పటికీ దొరకలేదు.

మూడోరోజు జోడుగుళ్ళపాలెం దాటాక
ఆటుకి తేలిన బండ ఒకటి చూసి నడుచుకుంటూ వెళ్ళి ఎక్కాం.
నాన్న తువ్వాలు మొహాన వేసుకుని పడుకున్నాడు.
లేచేసరికి పోటు.
వచ్చిన దారి మోకాల్లోతు, ఆపైన నడుంలోతు,
ఆపైన దారే లేదు.
అమ్మ నూకాలమ్మని పిలుస్తోంది. చెప్పులు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి.
అప్పుడు గుంపస్వామి చేతులు కట్టుకుని, సోషల్ మాస్టారిలా,
"నాలుగు వైపులా నీరు గల భూభాగమును
ద్వీపమందురు."

అమ్మ పిలవడం ఆపింది.
నాన్న ఒకసారి చుట్టూ తిరిగి చూశాడు,
వైపులు లెక్కపెడుతున్నట్టు.
సరిగ్గా నాలుగే.

తరవాత మా దీవిలో ఏం జరిగిందంటే,
ఏమీ జరగలేదు.
ఎండ్రకాయలు వచ్చి చూసి వెళ్ళాయి.
అమ్మ జడ విప్పి ఆరబెట్టుకుంది, పరాయి మగాళ్ళు లేని చోటని.
నాన్న బండ అంచున నిలబడి, కింద కూలీలున్నట్టు,
ఒక్కో అలకీ చేత్తో సైగ చేశాడు:
ఎత్తు, ఎత్తు, ఆగు, మెల్లగా దించు.
అలలు విన్నాయి.

తెప్ప మీద ఒకతను దగ్గరికొచ్చాడు.
"సిక్కడిపోనారా? రండి, దించెస్తాను."
నాన్న అమ్మని చూశాడు. అమ్మ నీళ్ళని చూసింది.
"ఒక గంటాగి రా తమ్ముడూ," అన్నాడు నాన్న.
అతను మమ్మల్ని పిచ్చోళ్ళని చూసినట్టు చూసి
తెడ్డు తిప్పుకున్నాడు.
గంటన్నరకి వచ్చాడు. డబ్బులు వద్దన్నాడు,
నిమ్మకాయలు తీసుకున్నాడు.

ఓడ గురువారం వచ్చింది. అప్పటికి సెలవు రద్దయి
నాన్న పైన క్రేనులో ఉన్నాడు.
బస్తాలు ఎక్కించాడు. కొత్త మోటారు సైకిలు ఎక్కించాడు.
దాన్ని ఎంత నెమ్మదిగా దించాడంటే
కింద నుంచి మేస్త్రీ కేకేశాడట,
"ఏటి సన్యాసిరావూ, గాజుబొమ్మా అది?"

ఎర్నమ్మ గారు గుమ్మంలోనే అడిగారు,
ఇంత తొందరగా వచ్చేశారేం, ఏటి తెచ్చారని.
అమ్మ తన కాళ్ళు చూపించింది.
బండ కోసిన గాట్లు, వాటి మీద
ఇంకా కడుక్కోని ఉప్పు.