రాయా, నేనా

డార్లింగ్టన్ ఆసుపత్రి మా నాన్నకిచ్చిన మాట ఒక్కటే.
లాటిన్‌లో ఉంది, కాగితం మీద ఉంది.
మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు
గొర్రెల సంత రసీదుతో పాటు.
బస్సు దిగేదాకా ఏమీ అనలేదు.
మా గేటు గడియ అందుకోబోయి, మూడుసార్లు తప్పి,
"దీనికి మా అమ్మ దగ్గర ఇంకా మంచి మాటలుండేవి" అన్నాడు.

హెస్బా నాయనమ్మ నాకు గుర్తున్నది ముక్కుపొడి వాసనగానే.
ఆమె మాటలు బడిలో చెల్లేవి కావు.
ఒకటి పలికినందుకు నాన్న అరచేతి మీద బెత్తం పడిందట.
ఆ చెయ్యే ఇది. కుడిది.

ఆ రాత్రి పొయ్యి దగ్గర ఒక్కొక్కటీ తీశాడు,
డబ్బాలోంచి పాత బొత్తాలు ఏరినట్టు.
డిడర్: గొర్రెలు ఈనే కాలంలో, తెల్లవారుజామున,
దవడ మన మాట వినకపోవడం.
డిండిల్: గంట ఆగాక కూడా
తాడు లాగినవాడి మోచేతిలో మోగుతుండేది.
క్వేవ్ మనిషిది కాదు, నేలది.
పీట్ బురద మీద అడుగేస్తే
పది గజాల అవతల గడ్డి ఉలిక్కిపడుతుంది చూడు, అది.
వాంకిల్: ఎండో వానో తేల్చుకోని ఆకాశం,
జ్వరం తగ్గి మంచం దిగిన పిల్ల,
అప్పు తీరుస్తానని మా మేనమామ ఇచ్చే మాట.
బెవర్...
చెప్పబోయి ఆగిపోయాడు.
"అది అమ్మ చివరి వారంలో" అన్నాడు.

కరెంటు బిల్లు వెనకాల రాసుకుంటున్నాను.
స్పెల్లింగ్ అడిగితే నవ్వాడు:
"ఎవరు రాశారే వీటిని?
నిలబడితేగా."

నలభై ఏడేళ్ళు, సున్నం లేకుండా, సిమెంటు లేకుండా,
కొండ పొడుగునా గోడలు పేర్చినవాడు.
ఒకటి మీద రెండు, రెండు మీద ఒకటి.
కదిలే రాయి ఒక్కటీ ఉండకూడదు.
కదిలేదాన్ని కాగిల్ అంటారు.
ఆ మాటొకటి ఇంకా చావలేదు,
కూలికొచ్చే కుర్రాళ్ళు కూడా వాడతారు
కుర్చీ గురించి, పన్ను గురించి, పెళ్ళి గురించి.

జూన్‌లో మెట్‌కాఫ్ వాళ్ళ ఎద్దు వీపు రుద్దుకుని
పైచేను గోడ రెండు బారలు కూల్చింది.
"జాబెజ్‌ని పంపండి" అని కబురు.
వాళ్ళకింకా తెలీదు.
సంచి మోయడానికని నేనూ వెళ్ళాను.
గోడ వెంట మోకాలెత్తు గడ్డి,
గాలి లేకపోయినా కంకులాడుతూనే ఉంటాయి.
దాని పేరు కూడా వణుకే, చెప్పొద్దన్నట్టు చూశాడు.

పెద్ద రాళ్ళు నేనెత్తాను. ఎక్కడేది పెట్టాలో ఆయన చెప్పాడు.
మధ్యాహ్నం దాటాక తానే ఒకటి ఎత్తాడు,
రొట్టెంత రాయి, ఒక వైపే నాచు.
పెట్టాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.
టకటక టకటక.
నా వైపు తిరక్కుండానే అడిగాడు:
"రాయా, నేనా?"

ఆయన చేతి పక్కన నా చెయ్యి ఆనించాను.
గోడ అవతల ఒక గొర్రె నెమరేస్తూ చూస్తోంది.
అబద్ధం ఏ వైపైనా చెప్పొచ్చు.
ఎడమ మూల కింద, వేలి మందం సందు తగిలింది.
"రాయి కూడా" అన్నాను.

"అయితే చీలిక ఇటివ్వు."
పలకరాయి ముక్క ఒకటి అందించాను.
ఆ వేళ్ళు దాన్ని సందులోకి
తడుముతూ, తప్పుతూ, తడుముతూ తోశాయి.
చెయ్యి తీశాడు. రాయి ఆగింది.
చేతిని కోటు జేబులో దాచుకున్నాడు.

ఇంటిదాకా నడుస్తున్నంతసేపూ
ఆ జేబులో కాగితం చప్పుడు.