తలుపు బరువు

జూలై. వాల్దివియాలో వారం రోజులుగా ఒకటే ముసురు.
రేకుల షెడ్డులో కోళ్లు, నేను,
ఒక చెక్క తలుపు,
దాని అవతల గడ్డి పరిచిన గూడు.

గుడ్డు పెట్టే పొద్దుకి
గూడు చేరాలని కోడి ఎంత బరువు తోస్తుంది?
నా ప్రశ్న అదీ. ముద్దుగానే ఉంది.
"వంద గ్రాములు, రెండొందలు, అయిదొందలు,
కోడి ఆగిపోయేదాకా పెంచుతాను" అని రాసి
పైకి పాకే గీత ఒకటి ముందే గీసి పెట్టుకున్నాను.

ఎదెల్మీరా మేడమ్ ఎర్ర సిరా వాడరు. పెన్సిలే.
'ఆగిపోయేదాకా' చుట్టూ సున్నా చుట్టి
పక్కన చీమతలంత అక్షరాలు:
అలసి ఆగిందా, ఆశ వదులుకుని ఆగిందా?
నీ గీతకి తేడా తెలుస్తుందా?

నలభై కోళ్లు కావాలన్నాను.
నలభై ఎందుకు?
నిండుగా ఉంటుందని.
ఆవిడ నవ్వలేదు. లెక్క వేయించారు, రెండు రాత్రులు.
ఎక్కువైతే అక్కర్లేని కోడికి కష్టం.
మరీ తక్కువైతే ఏదీ తేలదు,
అవి పడ్డదంతా బూడిదలో పోసిన పన్నీరు.
పద్దెనిమిది దగ్గర ఇద్దరం ఆగాం.

బరువులకి అనుమతి రాలేదింకా. ఇది అలవాటు చేసే వారం.
ఉత్త తలుపు, గాలికి కూడా ఊగుతోంది.
అందరూ దూరి వెళ్తున్నారు.
ఏడో నంబరు మాత్రం,
తోకలేని మబ్బురంగుది, చెవుల దగ్గర కుచ్చులున్నది,
తలుపు ముందు నిలబడి, గొంతు సాగదీసి కూసి,
వెనక్కి తిరిగింది. మూడు రోజులు.
పట్టికలో రాశాను: ఆసక్తి లేదు.

మేత బకెట్టు దించుతూ ఎలెయుతేరియో అడిగాడు,
"కాలెత్తి చూశావా, మిల్యరాయ్?"

ఎత్తాను.
అరికాలి మెత్తలో కందిగింజంత పుండు,
నల్లగా, వేడిగా.
నా చంకలో దాని గుండె
లెక్కకి అందకుండా కొట్టుకుంటోంది.

మా అవ్వ పెంచినవీ ఇవే, నీలిగుడ్ల కోళ్లు.
గంప ఎత్తగానే ఒక్కోదాన్నీ పట్టుకుని
కాళ్లే ముందు చూసేది.
అయిదేళ్ల చదువులో అదెక్కడ జారిపోయింది?

'ఆసక్తి లేదు' కొట్టేశాను,
కొట్టేసింది కనబడేలా, ఒకే గీతతో.
కొత్త వరస చేర్చాను: కొలిచే ముందు కాళ్లు చూడాలి.
ఏడోది లెక్కలో ఉండదు, దాని గూడు తెరిచే ఉంటుంది.
ఏ కోడైనా మూడుసార్లు తోసి వదిలేస్తే
తలుపు నేనే తీస్తాను.

నిన్న కాగితం తిరిగొచ్చింది.
'మూడుసార్లు' చుట్టూ మళ్లీ సున్నా:
మూడే ఎందుకు?

పెన్సిలు నములుతూ తడుస్తూ షెడ్డుకి వెళ్లాను.
గడ్డిలో ఏడోది,
అయోడిన్ పూసిన కాలు ఒక పక్కకి చాపుకుని,
నన్ను చూసింది.
లేవలేదు.