ఒంటి తాడు

మూడోసారి తాడు బిగించాను.
మూడోసారీ ఎడమ అంచు
కుడిదానికంటే అరంగుళం పైకెక్కి కూర్చుంది.
అద్దంలోకి చూసి మిర్త
"నేనే వంకరగా ఉన్నానా?" అంది.

గెంట్‌లో వాన. నాటకానికి ఇంకా నాలుగు రోజులు.
ఎప్పటిదో చిత్రపటం చూసి కత్తిరించిన రవికె,
ఇటుకరంగు ఉన్ని, లోపల రెండు పొరల నార.
చంక కింద విప్పాను, భుజం మీద విప్పాను.
దొంగ అక్కడ లేడు.

గోదెలీవ్ కళ్లద్దాలు నుదుటికి నెట్టి
వేలికొసతో రంధ్రాలు తడిమింది.
"ఎదురెదురుగా పెట్టావు.
ఇదేం బూటు లేసా?
ఒంటి తాడు. మేడమెట్లలా తిరుగుతూ ఎక్కుతుంది.
దానికోసం ఒక పక్క అరమెట్టు దిగి ఉండాలి."

ఆ రాత్రి కుడివైపు పదకొండు కాజాల కుట్టు ఊడదీశాను.
గోటితో రుద్దితే
రంధ్రాలు మెల్లగా పూడుకున్నాయి,
అక్కడేమీ జరగనట్టు.
ఆరెతో పొడిచినవి కదా;
ఆరె పోగును తెంపదు,
కాస్త జరగమంటుంది, అంతే.
అరంగుళం కింద మళ్లీ పొడిచాను.
మళ్లీ పోగులు జరిగి చోటిచ్చాయి.

పొద్దున మిర్త ఊపిరి బిగబట్టి నిలబడింది.
"వదిలెయ్. నువ్వు గాలి పీల్చుకుంటుంటేనే కడతాను."

అంచులు సమంగా వచ్చాయి,
కలవలేదు మాత్రం.
మధ్యన రెండు వేళ్ల ఎడం,
అందులోంచి తెల్లటి లోచొక్కా.

ఇంకాస్త లాగబోయాను.
గోదెలీవ్ నా చెయ్యి పట్టుకుని ఆపింది:
"ఆ పిల్ల భోంచెయ్యదా?"