నోబిడ్

గంట కొట్టొద్దన్నారు.
కొట్టలేదు.
గేటు తీయొద్దన్నారు.
తాళంచెవి నా మొలతాడుకే ఉంది,
అడుగేసినప్పుడల్లా తొడకి తగుల్తా.

ఏలియా తనంతట తాను పోయాడు.
ఇంతకన్నా చెప్పను.
కౌలుకి నాలుగెకరాలు, బ్యారన్ అద్దె, పుల్లలకి అప్పు.
టంగుటూరు వేలంలో మూడు తూర్లు
వాడి బేళ్ల మీద అదే చీటీ పడింది: నోబిడ్.
మూడు తూర్లూ ఆటో కిరాయి కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు,
ఆస్పత్రోళ్లు చేతులెత్తేసిన బిడ్డని తెచ్చుకున్నట్టు.

అయ్యగారు చెడ్డమనిషి కాదు.
నా పెద్దోడికి టైఫాయిడొస్తే
ఒంగోలు దాకా తన బండి మీద మోసుకుపోయినాయన.
"నాదేముంది జక్కరయ్యా, సంఘం తీర్మానం.
ప్రాణం తీసుకున్నోడికి లోపల చోటు లేదు.
గోడవతల చిల్లచెట్ల కింద చూడు" అన్నారు.
అంటా, కళ్లజోడు తీసి
తుడిచిందే తుడుస్తా ఉన్నారు.

నాకు చదువు రాదు.
గ్రంథం నాకు చెవుల్లోంచే వచ్చింది,
అదీ గుమ్మం దగ్గర కూచుని విన్నంత.
ఏ పేజీలో ఏముందో అయ్యగారికి తెలుసు.
నాకు తెలిసింది మట్టి.
ఈ దొడ్డిలో నూటా పద్నాలుగు గుంతలు తీశా.
వడ్డీకి వడ్డీ కట్టించుకున్న పెద్దాయనా లోపలే ఉన్నాడు,
పాలరాతి శిలువ కింద.
ఏలియాకి అప్పిచ్చింది ఆయన కొడుకే.

అక్కడ నోబిడ్డు, ఇక్కడా నోబిడ్డేనా అయ్యా
అని అడుగుదామనుకున్నా.
నోరు పెగల్లేదు.

రాత్రి పలుగు తీసుకుని పోయా.
ఏప్రిల్ నెల. రేగడి రాయైపోయింది.
నెర్రెల్లో నీళ్లు పోసి, నానేదాకా కూచుని, తవ్వా.
దేవుడు ఆపుతాడేమోనని మధ్యమధ్య ఆగి చూశా.
కీచురాళ్లు. హైవే మీద లారీలు.
ఆపలేదు.
కానీయ్ అని కూడా అనలేదు.

తెల్లారుజామున దీవెనమ్మ అన్నలు తెచ్చారు.
వాక్యం లేదు, పాట లేదు.
"ఏలియా, ఇటు పడుకోయ్యా" అన్నా నేనే,
కొత్తింట్లో చుట్టానికి చాప చూపించినట్టు.

గోడవతల డొంకలో టార్చిలైటొకటి
వెలిగి ఆరింది.
అయ్యగారి నడక నాకు తెలుసు,
ఎడమకాలు కొంచెం ఈడుస్తారు.
లోపలికి రాలేదు.
మట్టి పూడ్చినంతసేపూ
వెళ్లిపోనూ లేదు.

ఆదివారం బల్ల దగ్గర
రొట్టె నన్ను దాటి పోయింది.
తాళంచెవి అడిగితే ఇచ్చేశా.
ఇప్పుడు తొడకేమీ తగలదు,
ఆ తగలకపోవడమే తెలుస్తా ఉంటుంది.

తప్పు చేశానా? ఏమో.
పనైతే సరిగ్గా చేశా:
ఆరడుగుల లోతు, మూలలు తిన్నగా,
అంచుల్లో ఒక్క వేరు మిగలకుండా.

కొత్తగా గంట కొట్టే కుర్రాడికి
ఇంకా చెయ్యి కుదర్లేదు.
తాడు లాగడం కాదురా,
వదిలేటప్పుడు మెత్తగా వదలాలని
ఎవరైనా వాడికి చెప్తే బాగుండు.