మూడో వరసలో చచ్చినోడు

సెకండ్ షో వదిలినాక
పుత్తూరు రైలుగేటు కాడ టీ తాగతా
చెంగల్రాయుడు ఇంకా తిడతానే ఉండాడు.

"కోట గోడ మీద నుంచి దూకినాడు గదా,
ముప్ఫై అడుగులు, తక్కవ గాదు.
లేసి, కిరీటం సర్దుకోని, గుర్రమెక్కినాడే!
ఆ మడమ ఏమైనట్టు?
నా కాడికి రమ్మను,
మూన్నెల్లు నేల మీద కాలు పెట్టనిస్తే అడుగు."

కట్టు కట్టే ఇంట్లో పుట్టినోడు.
తెర మీద ఎవురు పడినా
చీకట్లో వాడి చేతులు కదల్తాయి,
వెదురు బద్దలు వెతుక్కున్నట్టు.

నాకు మటుకు రాజుల సినిమాలంటే ఇష్టం.
దివిటీలు, సొరంగాలు, ఒంటికన్ను సేనాపతి,
ఓడ మునిగేటప్పుడు గూడా చెదరని రాణి కాటుక.
అబద్ధమైతే ఏం?
చెమట పట్టని మనుషుల్ని
ఇంకెక్కడ చూస్తాం, ఈ ఎండల్లో.

"సరే, ఉండనీ.
యుద్ధం అయిపోయినాక
కట్టు కట్టేవోడు ఒక్కడన్నా కనపడినాడా?
అంతమంది పడినారు.
ఒక్క గుడ్డ పీలిక లేదు, ఒక్క కోడిగుడ్డు సొన లేదు."

నేను నగినాను.
వాడు నగలేదు.

పోయినేడు చంద్రగిరి కోట కాడ షూటింగప్పుడు
ఆటోలో ఒక పిల్లోణ్ణి తెచ్చినారంట.
వెండి రంగు పూసిన రెగ్జిన్ కవచం,
సగం ఊడిన మీసం,
జబ్బ కాడ ఎముక రెండై.
నగరిలో మగ్గం పని. పేరు గజపతి.
మూడుసార్లు పడమన్నారంట.
రెండుసార్లు బాగానే చచ్చినాడు.

కవచం కత్తిరించబోతే
"వద్దన్నా, తిరిగియ్యాల" అని ఏడ్చినాడంట,
నొప్పికి ఏడవనోడు.

"వాని కోసరమే వచ్చినా ఈ సినిమాకి.
మూడో వరస, ఎడం పక్క,
ఏనుగు రాకముందు దుమ్ములో...
చూసినావా?"

చూళ్ళేదు.
నేను ఏనుగెప్పుడొస్తాదా అని చూస్తా ఉండా.

గూడ్సు బండి పోతా ఉంటే
మాట వినపడక
తన జబ్బ మీదనే వేలు పెట్టి చూపించినాడు,
ఇక్కడ, అని.
అతుక్కునింది, అని.

రేపు మ్యాట్నీకి మళ్ళా పోవాల.
ఆ చోటు వచ్చేటప్పటికి
కండ్లు ఎడం పక్కకి తిప్పుకోవాల.
తిప్పుకుంటానో లేదో.
ఏనుగు మటుకు
శానా బాగుండాది.