కారణం గడి

మెషిన్ మొహం చుట్టూ అరచుట్టు తిరుగుతుంది,
పద్నాలుగు సెకన్లు.
పుల్లను ముందుపళ్లతో కరిచి పట్టుకోవాలి,
నాలుక అంగిలికి ఆనించాలి.
"అల్లాడబేడి" అంటాను, కన్నడంలో.
పంతొమ్మిదేళ్లుగా అంటున్నాను
కలాసిపాళ్యం వెనక సర్కారు పళ్లాసుపత్రిలో,
కిటికీ లేని గదిలో.

సోమవారాలు క్యూ మెట్ల దాకా వస్తుంది.
శనివారం రాత్రి విరిగినవి
ఆదివారమంతా వాచి
సోమవారం టోకెన్ తీసుకుంటాయి.

పీజీ డాక్టర్ హంసవేణి తన థీసిస్ కోసం
ఐదేళ్ల రిజిస్టర్లు నా బల్ల మీద పడేసింది.
"కారణం గడి ఒక్కటి లెక్కపెట్టండి ఓబులేశుగారూ,
మిగతాది నేను చూసుకుంటాను."
స్కేలు, ఎర్ర పెన్సిలు, చల్లారిన టీ.
కింది దవడలు ఆరువందల పన్నెండు.

సగానికి పైన బండ్లే.
ఇరవై రెండు, పంతొమ్మిది, ఇరవై ఆరు,
మీసం ఇంకా కుదురుకోని వయసులు.
సున్నపు చారలు చెరిగిపోయిన స్పీడు బ్రేకరు,
వీపున ఎవరిదో బిర్యానీ.
గడ్డం ఆని పడితే
దెబ్బ గడ్డం దగ్గర ఆగదు,
ఎముక వెంట పైకి పోయి
చెవుల ముందు రెండు కీళ్లూ విరిచేస్తుంది.
తీగలతో నోరు కుట్టించుకున్న ఒక పిల్లాడు
ఫోన్ తిప్పి చూపించాడు:
అన్నం ఆలస్యమైందని ఎవరో ఒక్క చుక్క వేశారు.
వాడి హెల్మెట్ బోర్లించిన గిన్నె.
పోలీసుకి చాలుతుంది, దవడకి చాలదు.

సెంట్రింగు కర్రల మీంచి జారినవాళ్లు
చాలామంది మా వైపువాళ్లే,
కదిరి, ముదిగుబ్బ, తంబళ్లపల్లె.
వాళ్లకు రాగిజావ ఎట్లా పల్చగా కాయాలో
తెలుగులో చెప్తాను. అది నా ఉద్యోగం కాదు.

బారు ముందు తగువులు నూటికి పైనే.
దవడ పగలగొడతానని ఊరికే అంటుంటాం.
కొందరు అనకుండానే.
లోకంలో కుడిచేతివాటమే ఎక్కువ గనక
ఎక్కువగా విరిగేది ఎడమ మూల.
బయటికి రాని జ్ఞానదంతం
అక్కడే ఎముకలో చోటు తినేసి ఉంటుందట.
డాక్టరమ్మ చెప్పి నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది.
నవ్వితే నా ఎడమ కీలు టక్కుమంటుంది,
ఆరో తరగతి, లెక్కల పీరియడ్.
అది ఏ రిజిస్టర్లోనూ లేదు.

తర్వాత "పడిపోవడం".
మెట్ల మీద, బాత్రూంలో, నీళ్ల డ్రమ్ము దగ్గర.
నా అక్షరాలే అన్నీ.
ఆడవాళ్ల ఫిల్ములు మళ్లీ తీసి
లైటు డబ్బా మీద వరసగా పెట్టాను.
ఎడమ మూల, గడ్డానికి కుడిపక్క.
ఎడమ మూల.
ఎడమ మూల, గడ్డానికి కుడిపక్క.
బాత్రూం గచ్చుకు కుడిచేయి ఉంటుందా?

నలభై ఏడు పేర్ల పక్కన ఎర్రచుక్క పెట్టాను.
"చుక్కకి కోడ్ లేదే" అంది హంసవేణి.
చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూచుంది.

చెన్నకేశమ్మ ఆ లెక్కలోకి రాదు, తర్వాత వచ్చింది.
యలహంక దగ్గర ఇటుకలు మోస్తుంది.
"జారింది సార్" అని మొగుడే చెప్పాడు,
ఆమె నోరు తెరవలేదని.
"అల్లాడబేడి" అన్నాను అలవాటుగా.
పళ్ల సందులోంచి తెలుగు వచ్చింది:
"అల్లాడొద్దంటే ఎట్ల సామీ."
కన్నడంలో అది కదలొద్దనడం.
మన మాటలో ఏమిటో
ఆ పూట దాకా నాకు తట్టలేదు.

ఆరు వారాలకు తీగలు కత్తిరించారు.
మళ్లీ ఫిల్ము తీయడానికి నా దగ్గరికి పంపారు.
చువ్వలా అయింది మనిషి.
నోరు రెండు వేళ్ల మందం తెరుచుకుంటోంది.
"ఆ బుక్కులో నా గురించి ఏం రాసినారు?"
"పడినావని."
"నేను పళ్లేదు."
అంతకంటే నోరు తెరవాల్సిన పని లేదు ఆ మాటకి.

కింద బండి హారన్ రెండుసార్లు మోగింది.
ఫిల్ము చక్కగా వచ్చింది, అతుకు తెల్లగా.
మెట్ల దగ్గరికి పోయి కిందికి అరిచాను:
"కదిలిందప్పా, మళ్లీ తీయాల. గంట పడుతుంది."
లోపలికొచ్చి తలుపేసి
హంసవేణికి ఫోన్ కలిపాను.